కృతజ్ఞతను అలవాటు చేసుకోవడం ఎలా: చెన్నై తెలుగువారికి ఒక ఆచరణ పద్ధతి

కృతజ్ఞత మీద ఉపదేశాలకు మనకు కొదవ లేదు. పొద్దున్నే ఫోను చేతిలోకి తీసుకుంటే చాలు, ఒక గులాబీ, దాని కింద ఒక సూక్తి, దాని కింద జోడించిన చేతులు. పంపినవారు పెదనాన్నగారు కాబట్టి మనమూ ఒక దండం బొమ్మ పడేసి పనిలో పడతాం. ఆ సూక్తుల్లో తప్పేమీ లేదు, కాకపోతే ఏం చేయాలో అవి చెప్పవు. ఇక్కడ చెప్పేదంతా చేయవలసిన పని గురించే. ఒక నోటుపుస్తకం, వారంలో ఒక సాయంత్రం పావుగంట, ఆపైన నోరు విప్పి చెప్పే కొద్దిపాటి తెగువ ఉంటే చాలు. మూడోది అన్నిటికన్నా కష్టం, ఫలితమూ అందులోనే ఎక్కువ.

ఒక్క విషయం మొదటే తేల్చుకుందాం. ఎవరో ఒకరు మన కోసం ఒక పని చేశారని, అందుకు వారికి కొంత శ్రమ అయిందని గుర్తించడాన్నే ఇక్కడ కృతజ్ఞత అంటున్నాను. అందులో ఒక మనిషి ఉండాలి, ఒక పని ఉండాలి. ఆ రెండూ లేకుండా ‘అంతా బాగానే ఉంది’ అనుకోవడం తృప్తి. అదీ మంచిదే, కానీ దానికి ఈ పద్ధతి అక్కర్లేదు.

దీనివల్ల ఒరిగేదేమిటి

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకలా 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. అందులో విద్యార్థులను మూడు జట్లుగా విడదీసి పది వారాలపాటు వారానికోసారి రాయమన్నారు. మొదటి జట్టు తాము ఎందుకు కృతజ్ఞతతో ఉన్నామో రాసింది. రెండో జట్టు ఆ వారం పడిన చిరాకులు రాసింది. మూడో జట్టు జరిగిన ఏవో సంగతులు రాసింది. మొదటి జట్టువారికి జీవితం మీద సంతృప్తి, రాబోయే వారం మీద ఆశ ఎక్కువగా కనిపించాయి. ఒంట్లో నలతలు తక్కువ చెప్పారు. చిరాకులు రాసినవారికన్నా ఎక్కువసేపు వ్యాయామం చేశారు. అదే పరిశోధనలో నరాలు, కండరాల జబ్బులున్న రోగుల చేత మూడు వారాలు రోజూ రాయిస్తే, నిద్ర బాగా పడుతోందని వారు చెప్పారు.

ఆ తరువాత ఇలాంటి ప్రయోగాలు చాలా జరిగాయి. వాటిని కలిపి చూసిన 2016, 2021 నాటి సమీక్షలు మొదటి ఉత్సాహం మీద కొంత నీళ్లు చల్లాయి. మేలు ఉంది కానీ చిన్నది అన్నారు. దిగులు, ఆందోళన జబ్బు స్థాయికి చేరినవారికి నోటుపుస్తకం వైద్యం కాదు. అలాంటివారు డాక్టరు దగ్గరికి వెళ్లాలి, పుస్తకం తరువాత చూసుకోవచ్చు. నా మటుకు నాకు ఈ అలవాటు అసలు లాభం మనసులోకన్నా మనుషుల మధ్యే ఎక్కువనిపిస్తుంది. మనకు మేలు చేసినవారిని పసిగట్టడం, వారిని మళ్లీ గుర్తు చేసుకోవడం, వారితో అనుబంధం బిగించుకోవడం. కృతజ్ఞత చేసే పని ఇదేనని సారా ఆల్గో అనే పరిశోధకురాలు చెప్పారు. ఊరు వదిలి నాలుగైదు వందల కిలోమీటర్ల దూరంలో, వేరే భాష నడుమ ఇల్లు పెట్టుకున్నవారికి ఆ మూడో మాట విలువ వేరే చెప్పాలా!

మరి ఇంత మేలున్న పనికి ప్రత్యేకంగా సాధన ఎందుకు? సుగ్రీవుణ్ణి తలుచుకోండి. రాముడు వాలిని కూల్చి కిష్కింధను చేతిలో పెట్టాడు. వానలు వెళ్లగానే సీతను వెతికిస్తానన్న ఆ రాజు, శరత్తు వచ్చినా అంతఃపురం విడవలేదు. లక్ష్మణుడు వింటినారి మోగిస్తూ వాకిట నిలిస్తే గానీ తెలివి రాలేదు. ఆయన దుర్మార్గుడు కాదు, సుఖానికి అలవాటు పడ్డాడు, అంతే. ‘ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న’ అనే సామెత మనుషుల మీద కొంచెం ఎక్కువ కోపంతో పుట్టింది. మనలో చాలామందిమి కావాలని మరిచిపోము. కొత్త ఏసీ మొదటి వారం స్వర్గం, రెండో నెలకు గోడ మీద ఒక పెట్టె. మనుషులూ అలాగే కంటికి ఆనకుండా పోతారు. వారిని మళ్లీ కంటి ముందుకు తెచ్చుకోవడానికే ఈ మెట్లు.

మొదటి మెట్టు: పుస్తకం, రోజు

వంద పేజీల నోటుపుస్తకం చాలు. ఫోనులో రాసుకోవచ్చు కదా అంటే, రాసుకోవచ్చు. రెండో వాక్యం దగ్గర ఆఫీసు సందేశం వస్తుంది, మీరు తిరిగి రారు.

రోజూ రాయాలా, వారానికోసారా? దీని మీద పరిశోధనలు రెండు వైపులా మాట్లాడతాయి. మార్టిన్ సెలిగ్మన్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు వారం రోజులపాటు ప్రతి రాత్రీ ఆ రోజు బాగా జరిగిన మూడు విషయాలు, అవి ఎందుకు జరిగాయో రాశారు. ఆ ప్రభావం ఆరు నెలల వరకు కనిపించింది. అదే ఏడాది సోన్యా ల్యుబోమిర్‌స్కీ, ఆమె సహచరులు చెప్పిన ఇంకో ప్రయోగంలో ఆరు వారాలపాటు వారానికోసారి రాసినవారికి మేలు జరిగింది, మూడుసార్లు రాసినవారికి జరగలేదు. రెండింటినీ కలిపి నేను చెప్పే పద్ధతి ఇది. మొదటి ఏడు రాత్రులు పడుకునే ముందు మూడేసి విషయాలు రాయండి. చెయ్యి తిరుగుతుంది. ఎనిమిదో రోజు నుంచి వారానికి ఒక్కసారే రాయండి. ఆదివారం సాయంత్రం మంచి వేళ, సోమవారం బెంగ కూడా అప్పుడే మొదలవుతుంది కాబట్టి. ఒక వారం తప్పిపోతే పోనివ్వండి, బాకీ తీర్చినట్టు రెండు వారాలవి కలిపి రాయకండి.

రెండో మెట్టు: మనిషి, పని, శ్రమ

అసలు విద్య ఇక్కడుంది. మొదటి రాత్రి అందరూ రాసేవి ఒకటే: ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం. రెండో రాత్రీ అవే. మూడో రాత్రికి పుస్తకం మూతపడుతుంది. ఆ మాటలు అబద్ధాలు కావు, మరీ పెద్దవి. పెద్ద మాటలు మనసుకు తగలవు.

ప్రతి అంశంలో మూడు ఉండేలా చూడండి. ఎవరు? సరిగ్గా ఏం చేశారు? అందుకు వారికి ఎంత శ్రమ అయింది? ఉదాహరణకు ‘నీళ్ల క్యాన్ సమయానికి వచ్చింది’ అని రాశారనుకుందాం. కళ్లు మూసుకుని ఆ రెండు నిమిషాలను మళ్లీ చూడండి. వేలచ్చేరిలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఇరవై లీటర్ల క్యాన్, అంటే భుజం మీద ఇరవై కిలోలు. మెట్ల మలుపు దగ్గర ఒక చేత్తో గోడ పట్టుకున్నాడు. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. మూత సీలు పీకాడు. క్యాన్ మెడ చుట్టూ ఉన్న దుమ్మును భుజం మీది తువ్వాలుతో తుడిచాడు, ఎవరూ చెప్పకుండానే. ఒక్క చుక్క కింద పడకుండా కుండ మీద బోర్లించాడు. ఖాళీ క్యాన్ తీసుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు రాయండి: ‘శనివారం క్యాన్ తెచ్చిన అబ్బాయి, మనం తాగే నీళ్లని, తుడిచి మరీ పెట్టాడు.’ మొదటి వాక్యానికీ దీనికీ తేడా చదివినవారికి చెప్పనక్కర్లేదు.

ఇంట్లోవారి గురించి రాయడం ఇంకా కష్టం, ఎందుకంటే వారి పనులు పనుల్లా కనిపించవు. ‘మా ఆయన మంచివాడు’ అని రాస్తే అది పొగడ్త. ‘గురువారం నాకు ఒళ్లు వెచ్చబడితే, మర్నాడు ఏడింటికే అంబత్తూరు షిఫ్టు ఉండి కూడా అర్ధరాత్రి లేచి పాపను తన పక్కకు మార్చుకున్నాడు’ అని రాస్తే అది సాక్ష్యం. సాక్ష్యాలే రాయండి.

వారానికి మూడు నుంచి ఐదు చాలు. పది రాయాలని కూర్చుంటే చివరి ఐదూ కల్పన అవుతాయి.

ఒక హెచ్చరిక. మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం ఉంటుంది కదా, ఎవరు ఎంత చదివించారో రాసి, వారింట పెళ్లికి అంతకు తక్కువ కాకుండా తిరిగి చదివించడానికి. ఈ పుస్తకం అలాంటిది కాకూడదు. ఎదుటి మనిషి తిరిగి ఏదో ఆశిస్తున్నాడని తెలిసేకొద్దీ మనలో కృతజ్ఞత తగ్గి, బాకీ పడ్డామన్న భావం పెరుగుతుందని ప్రయోగాల్లో కూడా తేలింది. చేసిన సాయాన్ని నాలుగు శుభకార్యాల్లో చెప్పుకునే బంధువు పేరు పుస్తకంలోకి రాకపోతే మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు.

మూడో మెట్టు: లేదనుకుని చూడటం

మిన్‌క్యుంగ్ కూ, సారా ఆల్గో, టిమొతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ 2008లో ఒక చిత్రమైన సంగతి చూపించారు. ఒక మంచి సంఘటన ఎలా జరిగిందో రాసినవారికన్నా, అది జరగకుండా ఎలా పోయి ఉండేదో రాసినవారికే ఎక్కువ సంతోషం కలిగింది. భార్యాభర్తల విషయంలోనూ అంతే. తామిద్దరూ అసలు కలవకుండా పోయే దారులను ఊహించి రాసినవారికి బంధం మీద తృప్తి పెరిగింది. మన పెళ్లిచూపుల కథలకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఆ మధ్యవర్తి ఆ రోజు బస్సు తప్పిపోయి ఉంటే, జాతకాల్లో ఒక గుణం తగ్గి ఉంటే, ఫోటో వేరే కవరులో పడి ఉంటే?

నెలకోసారి, ఆదివారం రాతకు బదులుగా, ఇలా ఒకదాన్ని తీసేసి చూడండి. చెన్నైలో ఉన్నవారికి మొదటి పాఠంగా నీళ్లను మించినది లేదు.

2019 జూన్‌ను గుర్తు చేసుకోండి. నగరానికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులు దాదాపు ఎండిపోయాయి. హోటళ్లలో కొన్ని మధ్యాహ్న భోజనం మానేశాయి. ఐటీ ఆఫీసులు కొన్ని ఇళ్ల నుంచే పని చేయమన్నాయి. లారీ వస్తుందంటే బిందెలు వీధి పొడవునా వరుస కట్టాయి. జూలై 12న జోలార్‌పేట నుంచి యాభై వ్యాగన్ల రైలు 25 లక్షల లీటర్ల నీళ్లతో విల్లివాక్కం చేరింది. నీళ్ల కోసం రైలు! ఆ రోజుల్లో ఇక్కడ ఉన్నవారు కుళాయి తిప్పే ముందు ఒక క్షణం ఆగేవారు. ఇప్పుడు ఎవరూ ఆగరు.

అసలు ఆ కుళాయి వెనుక ఎవరెవరున్నారో చూడండి. చెన్నైకి కృష్ణా నీళ్లివ్వాలన్న తెలుగుగంగ ఒప్పందం 1983లో జరిగింది. నీళ్లు పూండికి చేరింది 1996లో. శ్రీశైలంలో బయలుదేరి, సోమశిల మీదుగా కండలేరుకు వచ్చి, అక్కడి నుంచి 177 కిలోమీటర్ల కాలువలో దిగుతాయి. అందులో 152 కిలోమీటర్లు ఆంధ్ర నేలే. మొదటి ఏళ్లలో కాలువ గట్లు పాడై నీళ్లు దారిలోనే ఇంకిపోతుంటే, సత్యసాయి ట్రస్టు సొంత ఖర్చుతో దాన్ని బాగు చేయించింది. కాలువకు పొలాలిచ్చిన రైతులు, గట్టు తెగితే రాత్రిపూట మట్టి వేసిన కూలీలు, తూము దగ్గర కాపలా ఉన్న లస్కరు. మీరు నెల్లూరు వైపు నుంచి వచ్చినవారైతే వారిలో ఒకరు మీ ఊరివారే అయి ఉండవచ్చు. వీరాణం చెరువు, నెమ్మేలిలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కేంద్రం వేరే కథలు. ఇప్పుడు ఈ గొలుసులో ఒక లింకు తీసేసి, రేపు ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు మీ ఇంట్లో ఏం జరుగుతుందో వరసగా రాయండి. పళ్లు తోముకోవడం, బియ్యం కడగడం, పిల్లల స్నానాలు. అర పేజీ దాటకుండానే పని అయిపోతుంది.

ఈ మెట్టులో ఒకటి మాత్రం చేయవద్దు. పిల్లలనూ తల్లిదండ్రులనూ ‘లేదనుకుని’ చూడకండి, ముఖ్యంగా స్వతహాగా భయస్తులైనవారు. అది సాధనగా మొదలై రాత్రంతా పీడకలగా మిగులుతుంది. వస్తువులతో, సౌకర్యాలతో, యాదృచ్ఛికంగా కలిసొచ్చిన సంఘటనలతో సరిపెట్టుకోండి.

నాలుగో మెట్టు: నోరు విప్పడం

పుస్తకంలో ఉన్న మాట ఆ మనిషికి చేరకపోతే సగం పనే అయినట్టు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. చెబితే బాగుంటుందో లేదో, కృత్రిమంగా అనిపిస్తుందేమో, ఇప్పుడెందుకు చెబుతున్నాడని అనుమానిస్తారేమో. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ఇదే పరీక్షించారు. కృతజ్ఞతగా ఉత్తరాలు రాసినవారు, అందుకున్నవారికి ఇబ్బందిగా ఉంటుందని ఎక్కువ ఊహించుకున్నారు, వారికి కలిగే ఆనందాన్ని తక్కువ అంచనా వేశారు. అంటే మన బిడియం చెప్పే లెక్క తప్పు.

చెప్పే పద్ధతి పుస్తకంలో రాసినట్టే. మీరు చేసింది ఇది, దానివల్ల నాకు జరిగింది ఇది. అంతకు మించి విశేషణాలు వద్దు.

“అన్నా, మంగళవారం వానలో మా నాన్నగారిని గొడుగు పట్టుకుని ఆటో దాకా తీసుకెళ్లారట. ఆయన మోకాలికి ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు. జారి ఉంటే ఏమయ్యేదో.”

వాచ్‌మన్‌కు ఇంత చెబితే చాలు. మీ తమిళం అంతంతమాత్రమైనా పరవాలేదు. ‘అన్నా’, ‘అక్కా’ రెండు భాషల్లోనూ ఉన్నాయి, మిగతాది చేతులు చెబుతాయి. ఆఫీసులో పై అధికారిగా ఉన్నవారికి ఇది ఇంకా అవసరం. ఆడమ్ గ్రాంట్, ఫ్రాన్సెస్కా జీనో 2010లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక విశ్వవిద్యాలయానికి ఫోన్ల ద్వారా విరాళాలు అడిగే ఉద్యోగుల దగ్గరికి వారి డైరెక్టరు వచ్చి రెండు ముక్కల్లో కృతజ్ఞత చెప్పారు. మరుసటి వారం వారు చేసిన ఫోన్ల సంఖ్య యాభై శాతానికి పైగా పెరిగింది. వారి జీతంలో మార్పు లేదు. అయితే ఇది చదివి జీతం పెంచే బదులు చప్పట్లు కొట్టించే సంస్థలు కూడా ఉన్నాయి. దాన్ని కృతజ్ఞత అనరు.

ఇంట్లో పని చేసే అక్క విషయంలోనూ అంతే. ‘నువ్వు లేకపోతే మా ఇల్లు నడవదు’ అని ఊరికే అంటూ, ఆమె కూతురి పరీక్ష రోజున తీసుకున్న సెలవుకు జీతం కోస్తే ఆ మాటకు విలువ లేదు. ఒకటో తేదీ జీతం ఒకటో తేదీనే ఇవ్వడం, దీపావళి బోనసు అడిగించుకోకుండా ఇవ్వడం మొదట చేయండి. మాట దాని తరువాత.

ఇంట్లో అమ్మతోనో అత్తగారితోనో ధన్యవాదాలు అంటే పరాయివారితో అన్నట్టు ఉంటుంది, నిజమే. అక్కడ సంగతి చెప్పండి చాలు. “అత్తయ్యా, మీరు పంపిన గోంగూర పచ్చడి సీసా ఆఫీసుకు తీసుకెళ్తే పక్క సీటు తమిళావిడ అన్నంలోనే కాదు, ఇడ్లీలో కూడా వేసుకుంది. ఎండలో ఆకు వలిచి ఉంటారు, నడుము నొప్పి ఎలా ఉంది?” ఇందులో ధన్యవాదం అనే మాట లేదు. అత్తగారికి చేరవలసింది చేరింది. పిల్లల చేత బలవంతంగా ‘థాంక్స్ చెప్పు’ అనిపించడం కన్నా, రాత్రి భోజనాల దగ్గర ‘ఈ రోజు బడిలో నీకు ఎవరు సాయం చేశారు?’ అని అడగడం మేలు. రెండు వారాలకు జవాబులు వాటంతటవే వస్తాయి.

ఐదో మెట్టు: ఒక ఉత్తరం

ఇది ఏడాదికి ఒకటి రెండుసార్లు చేసే పని. సెలిగ్మన్ బృందం 2005లో పరీక్షించిన వాటన్నిటిలో తక్షణ ఫలితం ఎక్కువ ఇచ్చింది ఇదే. తమకు ఎంతో మేలు చేసినా సరిగా కృతజ్ఞత చెప్పుకోని ఒకరికి ఉత్తరం రాసి, స్వయంగా వెళ్లి ఇవ్వడం. ఆ సంతోషం నెల రోజులు నిలిచింది, ఆ తరువాత తగ్గింది.

ఎవరికి? మనలో చాలామందికి ఒక లెక్కల మాస్టారో, హాస్టలు ఫీజు కట్టిన మేనమామో, చెన్నైలో దిగిన కొత్తలో తన గదిలో చాప వేసి నెలరోజులు ఉంచుకున్న సీనియరో ఉంటారు. ఉత్తరం ఒకటిన్నర పేజీ దాటకూడదు. మొదటి పేరాలో ఆ రోజు జరిగింది చెప్పండి: ఏ ఏడు, ఎక్కడ, ఆయన ఏమన్నారు. రెండో పేరాలో దానివల్ల మీ దారి ఎలా మారిందో చెప్పండి. మూడో పేరాలో ఇప్పుడు మీరేం చేస్తున్నారో రెండు వాక్యాలు. ‘మీ రుణం తీర్చుకోలేనిది’ వంటి మాటలు కొట్టేయండి, అవి సన్మాన పత్రంలో ఉంటాయి. సంక్రాంతికి పినాకిని రైల్లో ఊరెళ్లేటప్పుడు జేబులో పెట్టుకోండి. ఇచ్చి వచ్చేయకుండా ఎదురుగా కూర్చుని చదివి వినిపించండి. గొంతు పట్టేస్తే మధ్యలో కాఫీ అడగండి. వెళ్లలేకపోతే ఫోనులో చదివినా మంచిదే. మాస్టారికి ఎనభై దాటితే వచ్చే సంక్రాంతి దాకా ఆగకండి.

ఎక్కడ వాడకూడదు

‘ఉద్యోగం ఉన్నందుకు సంతోషించు’ అని పై అధికారి అంటే, ఆయన అడుగుతున్నది కృతజ్ఞత కాదు, నోరు మూసుకోవడం. రాత్రి పదకొండింటి దాకా ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు)లో కూర్చోబెట్టే ఆఫీసు గురించి ఈ పుస్తకంలో మంచి మాటలు వెతకనక్కర్లేదు. ఇంట్లో చెయ్యి చేసుకునే మనిషి విషయంలో అసలే వద్దు. అక్కడ కావలసింది సాయం. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోను చేయవచ్చు. ఆప్తులు పోయిన మొదటి నెలల్లో కూడా పుస్తకం పక్కన పెట్టండి. ‘ఉన్నవాటిని చూసుకో’ అని దుఃఖంలో ఉన్నవారికి ఎవరూ చెప్పకూడదు, తమకు తామైనా సరే.

పది వారాల తరువాత

పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి తిరగేయండి. ఒకే పేరు పదేపదే వస్తుంటే, ఆ మనిషికి నాలుగో మెట్టు చేశారో లేదో చూసుకోండి. మీ ఇంట్లోనే ఉంటూ ఒక్కసారి కూడా రానివారు ఉంటే, వచ్చే వారం వారు చేసే పనులను మాత్రమే గమనించి రాయండి. రాసుకున్నవి కొత్తదనం పోయి ఒకేలా ఉంటే నెల రోజులు మానేయండి, తరువాత మళ్లీ మొదలుపెట్టవచ్చు.

చివరగా, పేర్లకు బదులు ‘క్యాన్ అబ్బాయి’, ‘పూలమ్మే అక్క’, ‘చెత్త బండి అన్న’ అని రాసినవాటి కింద గీత గీయండి. చాలానే ఉంటాయి. ఒక్కో వారం ఒక్కొక్కరి పేరు అడిగి తెలుసుకోండి. ‘ఉంగ పేరు ఎన్న?’ అనేపాటి తమిళం ఇక్కడ నెల రోజులున్నవారికైనా వస్తుంది. తరువాతి ఆదివారం నుంచి పుస్తకంలో ఆ పేరే రాయండి.